విడవని సైనస్ బాధ: ఇంటి దగ్గర ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి



మాసూళ్ళు మొదలయ్యాయంటే మా ఓపీ ముందు వరుస పెరుగుతుంది. కంకిపాడు చుట్టుపక్కల ఊళ్ళలో నవంబరు, డిసెంబరు నెలలంటే వరి కోతలు, నూర్పిళ్ళు. ధాన్యపు దుమ్ము, చేలో గడ్డి తగలబెట్టిన పొగ, తెల్లవారుజామున మంచు మూడూ కలిసి వస్తాయి. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేవారు చెప్పే మొదటి మాట దాదాపు ఒక్కటే.

"సిస్టరమ్మా, నాకు సైనస్ అండీ. ఎన్ని మందులు మింగినా పోవట్లేదు."

ఈ మాట విని విని మాకొకటి అర్థమైంది. మన వాళ్ళు సైనస్‌కు మందులు వాడక బాధపడటం లేదు. వాడకూడనివి వాడి, చేయవలసిన చిన్న పని చేయక బాధపడుతున్నారు. ఆ చిన్న పనికి అయ్యే ఖర్చు కాసిని వేడినీళ్ళు, చిటికెడు ఉప్పు. దాన్ని సరిగా చేయడం ఎలాగో, ఎప్పుడు ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి రావాలో ఈ సంచికలో తెలుసుకుందాం.

ముందుగా ఒక అమ్మ సంగతి చెబుతాం. వయసు నలభై పైన. ఆమె మా దగ్గరకు వచ్చింది ముక్కు కోసం కాదు, భయంతో. ఇంట్లో గ్యాసు లీకవుతుంటే ఆమెకు వాసనే తెలియలేదు. పొలం నుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే పసిగట్టి కిటికీలు తెరిచాడు కాబట్టి సరిపోయింది. ఆమె చేతి సంచిలో ముక్కులో వేసుకునే చుక్కల మందు సీసాలు మూడు ఉన్నాయి. రెండేళ్ళుగా అవి లేనిదే నిద్ర లేదట. "వాసన పోయి ఎన్నాళ్ళయిందమ్మా?" అంటే ఆలోచించి, "కూర మాడినా తెలియక చాన్నాళ్ళయిందండీ" అంది.

ఆమె కథ ఎలా ముగిసిందో చివర్లో చెబుతాం. దానికి ముందు ముక్కు ఎలా పనిచేస్తుందో చూద్దాం.

సైనస్ అంటే జబ్బు పేరు కాదు

సైనస్‌లు అందరికీ ఉంటాయి. బుగ్గల వెనక, నుదుటి వెనక, కళ్ళ మధ్య, ఇంకా లోపల తల మధ్య భాగంలో ఎముకల నడుమ ఉండే గాలి గదులు అవి. మొత్తం నాలుగు జతలు. వాటి లోపలి గోడలకు పలుచని తడి పొర ఉంటుంది. ఆ పొర మీద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. దుమ్మును, క్రిములను అంటించుకున్న చీమిడిని ఆ నూగు రాత్రింబగళ్ళు ముక్కులోకి నెడుతూ ఉంటుంది.

డెల్టా రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేలో నీరు తూము గుండా మురుగు కాలువలోకి పోతేనే చేను బాగుంటుంది. తూముకు అడ్డం పడితే నీరు నిలుస్తుంది, కుళ్ళుతుంది. సైనస్ కూడా అంతే. పైగా బుగ్గల వెనక ఉన్న పెద్ద గదికి తూము అడుగున లేదు, గోడకు పైభాగాన ఉంది. చీమిడి తనంతట తాను జారి బయటకు రాలేదు. ఆ సన్నని నూగు పైకి నెట్టాలి. అలర్జీతోనో, పొగతోనో, జలుబుతోనో పొర వాచి తూము మూసుకుపోతే లోపలిది లోపలే నిలిచిపోతుంది. దానినే సైనసైటిస్ అంటాం. మన పెద్దలు పీనస అన్నది ఇలాంటి బాధనే.

మామూలు జలుబుతో వచ్చే సైనస్ వాపు చాలావరకు పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. పన్నెండు వారాలు దాటినా విడవకపోతే దీర్ఘకాలిక సైనసైటిస్‌గా అనుమానించి పరీక్ష చేయించుకోవాలి. ఇది బి.పి., షుగరు లాంటిదే. ఒక కోర్సు మాత్రలతో ముగిసిపోయేది కాదు. రోజూ కాస్త చూసుకుంటే అదుపులో ఉంటుంది.

నిజంగా సైనసేనా?

ఈ నాలుగు లక్షణాలు చూసుకోండి: ముక్కు దిబ్బడ; ముక్కు నుంచి గానీ గొంతులోకి గానీ చిక్కని చీమిడి కారడం; ముఖంలో బరువు లేదా నొప్పి; వాసన తగ్గడం. వీటిలో కనీసం రెండు ఉండాలి. ఆ రెండింటిలో దిబ్బడో, చీమిడి కారడమో ఒకటి తప్పకుండా ఉండాలి.

వట్టి తలనొప్పి ఉండి ముక్కు శుభ్రంగా ఉంటే అది సైనస్ కాకపోవచ్చు. 2004లో అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి ఉందని నమ్మే దాదాపు మూడు వేల మందిని పరీక్షించారు. వారిలో 88 శాతం మందికి ఉన్నవి పార్శ్వనొప్పి, అంటే మైగ్రేన్ లక్షణాలు. మా ఓపీలో కూడా ఇలాంటివారిని చూస్తూనే ఉంటాం. ఎండలో తిరిగినా, తిండి ఆలస్యమైనా తలనొప్పి రావడం, వాంతి వచ్చినట్టుండటం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. మైగ్రేన్‌కు వేరే మందులున్నాయి.

ఇంకో రెండు సంగతులు. ఒకే పక్క ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే పై దవడ పళ్ళు చూపించుకోండి. పై దవడ పళ్ళ వేళ్ళు బుగ్గ సైనస్‌కు ఆనుకునే ఉంటాయి. పన్ను పుచ్చి చీము పట్టిందంటే అది సైనస్‌లోకి చేరుతుంది. పన్ను బాగయ్యే దాకా ముక్కుకు ఎంత మందు వాడినా ప్రయోజనం ఉండదు. చిన్నపిల్లల్లో ఒకే పక్క దుర్వాసన వస్తే చింతపిక్కో, పూసో, పలక పుల్ల ముక్కో ముక్కులో దూర్చుకున్నారేమో అనుమానించాలి. బొమ్మల్లోని గుండ్రటి చిన్న బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే తీసుకురండి.

మన ప్రాంతంలో ఏవి రేపుతాయి?

నూర్పిడి దుమ్ము, గడ్డి కాల్చిన పొగ గురించి చెప్పుకున్నాం. బందరు రోడ్డు మీద బండి నడిపేవారికి రోజంతా దుమ్మే. గట్ల మీద, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి చాలామందికి పడదు. ఇంటి లోపల దోమల చుట్టల పొగ, అగరొత్తులు, చుట్ట, బీడీ, సిగరెట్టు ఉండనే ఉన్నాయి. పాత బొంతల్లో, దూది దిండ్లలో కంటికి కనిపించని దుమ్ము పురుగులు ఉంటాయి.

చెమ్మ గోడలు కూడా ఒక కారణం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా నీట మునిగింది. అలా రోజుల తరబడి నీళ్ళు నిలిచిన ఇళ్ళ గోడలకు నల్లని బూజు పడుతుంది. దాని నుంచి గాలిలోకి లేచే సన్నని పొడి ముక్కును రేపుతుంది. వరద రాకపోయినా వానాకాలంలో గోడ చెమ్మగిల్లే ఇల్లయితే ఇదే సమస్య. బూజును పొడిగా దులపకండి. ముక్కుకు మాస్కు కట్టుకుని సబ్బు నీళ్ళతో తడిపి తుడవండి. ఆ గోడకు మంచం ఆనించకండి.

ఉప్పునీటితో ముక్కు కడగడం

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. యోగాభ్యాసంలో జలనేతి అని తరతరాలుగా ఉన్నదే. నేడు ముక్కు, చెవి, గొంతు నిపుణులు కూడా దీర్ఘకాలిక సైనస్‌కు మొట్టమొదట చెబుతున్నది ఇదే. బ్రిటన్‌లో 871 మంది మీద జరిపి 2016లో ప్రకటించిన ఒక పరిశీలనలో ఉప్పునీటితో కడుక్కున్నవారికి బాధ కొంత తగ్గింది. గొప్ప మహిమ ఏమీ కాదు, కొంతే. కాని అది నెలల తరబడి నిలిచే మేలు, దుష్ఫలితాలు స్వల్పం.

నీళ్ళు: ఇక్కడ రాజీ లేదు. పంపు నీరు, బోరు నీరు, కాలువ నీరు, ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్ను, ఏదైనా సరే మరగకాచాలి. బుడగలు బాగా ఎగసిపడే దాకా కాచి, ఆ తరువాత కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లారనివ్వండి. "తాగే నీళ్ళే కదా సిస్టర్, ఎందుకు కాచడం?" అని అడుగుతారు. తాగితే పొట్టలో చనిపోయే ఒక రకం అమీబా, ముక్కులోకి వెళితే నేరుగా మెదడుకు ఎక్కుతుంది. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పంపు నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. 2024, 2025 సంవత్సరాల్లో కేరళలో అమీబా మెదడువాపు మరణాల గురించి మనం వార్తల్లో విన్నాం. ఇది చాలా అరుదు. కాని వస్తే బతికేవారు బహు కొద్దిమంది. ఒక్క నిమిషం మరగబెడితే ఆ భయమే ఉండదు.

పాళ్ళు: అర లీటరు నీటికి ఒక టీస్పూను ఉప్పు, అర టీస్పూను వంట సోడా. అయోడిన్ కలపని ఉప్పయితే మంట తక్కువ. రాళ్ళ ఉప్పు వాడేట్టయితే నీళ్ళతో కలిపి మరిగించి, కాచి ఆరబెట్టిన శుభ్రమైన గుడ్డలో వడకట్టండి. అయోడిన్ ఉప్పే ఉందంటే అదే వాడండి, చాలామందికి ఇబ్బంది ఉండదు. సోడా అంటే ఇడ్లీ, బజ్జీల్లో వేసే వంట సోడా. బట్టల సోడా కాదు. ఇంట్లో రెండూ ఉంటే పొట్లం చూసి వేయండి. ఒకసారి కలిపినది ఆ రోజుకే. మిగిలితే పారబోయండి.

పనిముట్టు: మందుల షాపులో ముక్కు కడిగే ప్లాస్టిక్ సీసా దొరుకుతుంది. లేకపోతే సూది లేని పెద్ద సిరంజి, 20 మిల్లీలీటర్లది, చాలు.

కడిగే పద్ధతి:

1. చేతులు సబ్బుతో కడుక్కోండి.

2. వాష్ బేసిన్ మీదకో, బకెట్ మీదకో ముందుకు వంగండి. తలను కొంచెం ఒక పక్కకు తిప్పండి.

3. నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకోండి. "ఆ..." అంటూ ఉంటే నీరు గొంతులోకి దిగదు.

4. పై వైపు ముక్కు రంధ్రంలో నీటిని మెల్లగా వదలండి. రెండో రంధ్రం నుంచి బయటకు వస్తుంది. నోట్లోకి వస్తే ఉమ్మేయండి.

5. రెండో వైపు కూడా అలాగే చేయండి. మొదటి రోజుల్లో ఒక్కో వైపు ఒక సిరంజి చాలు. అలవాటయ్యాక వంద, రెండు వందల మిల్లీలీటర్ల దాకా పెంచవచ్చు.

6. ముందుకు వంగి, ముక్కు మూయకుండా మెల్లగా చీదండి. రెండు రంధ్రాలూ నొక్కిపట్టి గట్టిగా చీదితే నీరు చెవిలోకి పోయి పోటు వస్తుంది.

7. సీసాను, సిరంజిని కాచిన నీటితో కడిగి, ఆరబెట్టండి. ఒకరిది ఇంకొకరు వాడకూడదు. మూడు నెలలకొకసారి కొత్తది కొనండి.

రోజుకు ఒకసారి చాలు, బాధ ఎక్కువగా ఉంటే రెండుసార్లు. పొలం నుంచి, మిల్లు నుంచి, ప్రయాణం నుంచి ఇంటికి రాగానే కడిగితే ఆ రోజు దుమ్ము ఆ రోజే పోతుంది. పడుకోబోయే ముందు మాత్రం చేయకండి, కనీసం గంట తేడా ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు విడ్డూరంగా ఉంటుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. వారం తరువాత అదే అలవాటవుతుంది.

చెవిపోటు ఉన్నప్పుడు, ముక్కు రెండు వైపులా పూర్తిగా మూసుకుపోయినప్పుడు, ముఖానికి దెబ్బ తగిలినప్పుడు కడగవద్దు. ముక్కు ఆపరేషను అయినవారు డాక్టరుగారు చెప్పినప్పుడే మొదలుపెట్టాలి. చెప్పిన మాట వినగలిగే వయసు వచ్చిన పిల్లలకే చేయించండి. ఏడుస్తున్న బిడ్డకు బలవంతంగా చేయవద్దు.

డాక్టరు రాసిచ్చే స్ప్రే

కడగడంతో పాటు చాలామందికి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ వంటివి. "స్టెరాయిడా?" అని కొందరు కొనకుండానే చీటీ మడిచేస్తారు. ఈ స్ప్రేల నుంచి రక్తంలోకి వెళ్ళేది చాలా స్వల్పం. మాత్రల రూపంలో మింగే స్టెరాయిడ్‌తో దీనిని పోల్చకండి.

ముక్కు కడిగిన పది పదిహేను నిమిషాల తరువాత స్ప్రే కొట్టుకోవాలి. తల వెనక్కి వాల్చకూడదు, కొంచెం ముందుకు వంచాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టాలి. మొన ముక్కు దూలం వైపు కాకుండా ఆ పక్క చెవి వైపు చూడాలి. మెల్లగా పీల్చాలి. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. దూలానికి తగిలేట్టు కొడితే పుండు పడి రక్తం చుక్కలు వస్తాయి. ఇంకొక మాట, ఇది రెండు రోజుల్లో పనిచేసే మందు కాదు. రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. "మూడు రోజులు కొట్టాను, ఏం లేదు, మానేశాను" అనేవారే మా దగ్గర ఎక్కువ.

మానవలసినవి

చుక్కల మందు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేయగానే ముక్కు తెరుచుకుంటుంది. అక్కడే చిక్కు. మూడు నుంచి అయిదు రోజులు దాటి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు అంతకు ముందుకంటే ఎక్కువగా మూసుకుంటుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ దిబ్బడ. జబ్బు పోయినా మందే జబ్బవుతుంది. ఇప్పటికే అలవాటు పడినవారు డాక్టరుగారి సలహాతో ముందు ఒక పక్క మానేసి, అది తెరుచుకున్నాక రెండో పక్క మానేయవచ్చు. వారం, రెండు వారాలు కష్టంగా ఉంటుంది. ఆ తరువాత తెరిపి వస్తుంది. బి.పి. ఉన్నవారు ఈ చుక్కలను, ముక్కు దిబ్బడ మాత్రలను అడగకుండా వాడనే కూడదు.

మరిగే గిన్నె మీద ఆవిరి. ఈ విషయంలో మా తప్పు మేము ఒప్పుకోవాలి. ఏళ్ళ తరబడి మేమే "ఆవిరి పట్టండమ్మా" అని చెప్పి పంపేవాళ్ళం. ఒక డిసెంబరు రాత్రి ఆరేళ్ళ బాబును తెచ్చారు. నేల మీద మరిగే గిన్నె, పైన దుప్పటి, బాబు కదిలాడు, గిన్నె ఒరిగింది. తొడలు రెండూ బొబ్బలెక్కాయి. రోజూ కట్టు మార్చేటప్పుడు వాడి ఏడుపు వార్డంతా వినిపించేది. "మీరు చెప్పినట్టే చేశామండీ" అని ఆ తల్లి అన్న మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. పైన చెప్పిన బ్రిటన్ పరిశీలనలో ఆవిరిని కూడా పరీక్షించారు. తలనొప్పి కాస్త తగ్గిందే తప్ప సైనస్ బాధ తగ్గలేదు. అందుకే ఇప్పుడు పిల్లలకు ఆవిరి వద్దనే చెబుతున్నాం. పెద్దవారికి హాయిగా అనిపిస్తే స్నానాల గదిలో వేడినీటి స్నానం చేసేటప్పుడు వచ్చే ఆవిరి చాలు.

ఘాటు మందులు, కర్పూరం. అమృతాంజనం ఇంటింటా ఉన్నదే. దానిని 1893లో మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన కృష్ణా జిల్లా వారే. ఇలాంటి బాములు నుదుటికి రాసుకుంటే హాయిగా ఉంటుంది. అయితే వాటిలోని మెంథాల్ ముక్కు తెరుచుకున్నట్టు అనిపింపజేస్తుందే గాని లోపలి వాపును తగ్గించదు. ముక్కు లోపల రాయకండి. పసిపిల్లలకు కర్పూరం నూనె రాయడం, కర్పూరం మూట మెడలో కట్టడం వద్దు. పొరపాటున మింగితే ఫిట్స్ వస్తాయి.

అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్. చీమిడి పచ్చగా ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం లేదు. జలుబు పది రోజులు దాటినా తగ్గకపోవడం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టడం ఉంటే డాక్టరుగారే నిర్ణయిస్తారు. 2025లో బ్రిటన్‌లో అయిదు వందల మందికి పైగా దీర్ఘకాలిక సైనస్ రోగుల మీద జరిగిన పరిశీలన వెలువడింది. మూడు నెలలు వాడిన క్లారిత్రోమైసిన్ మాత్రలు ఉత్తుత్తి మాత్రలకంటే మెరుగ్గా పనిచేయలేదు. ఆపరేషను చేయించుకున్నవారికి మాత్రం ఆరు నెలల నాటికి మంచి మేలు కనిపించింది.

నొప్పి మాత్రలు. ముక్కులో కండ పెరిగి, దానితో పాటు ఉబ్బసం కూడా ఉన్నవారు జాగ్రత్త. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొందరిలో ఆయాసాన్ని తెప్పిస్తాయి. ఉబ్బసం ఉందని ముందే చెప్పి మందు తీసుకోండి.

ఇంట్లో చేసుకోదగిన మార్పులు

నూర్పిడికి, గడ్డివాము పనికి, మిరపకాయలు దంచేటప్పుడు ముక్కూ నోరూ మూసే మాస్కు కట్టుకోండి. తడి తువ్వాలు కంటే అది మేలు. చీపురుతో ఊడ్చేముందు నేల మీద నీళ్ళు చిలకరించండి. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. దిండ్లు, బొంతలు ఎర్రటి ఎండలో వేయండి. దోమల చుట్ట బదులు దోమతెర కట్టుకోండి. ఇంట్లో చుట్ట, సిగరెట్టు కాల్చేవారుంటే బయటకు కాదు, పూర్తిగానే మానమనండి. పక్కవారి పొగ కూడా ముక్కుకు శత్రువే. తలవైపు ఇంకొక దిండు ఎత్తు పెట్టుకుంటే రాత్రి దిబ్బడ తగ్గుతుంది. పెరుగు, అరటిపండు, నిమ్మకాయ మానాలా అని అడుగుతారు. ఏదైనా తింటే మీకు ప్రతిసారీ పడటం లేదని గమనిస్తే మానండి. అందరూ మానవలసిన పని లేదు.

ఇంటి వైద్యం ఆగవలసిన చోటు

2021 వేసవిని మనం మరచిపోలేం. కోవిడ్ రెండో ఉద్ధృతి తరువాత మ్యుకార్ మైకోసిస్, జనం నోట బ్లాక్ ఫంగస్, వచ్చింది. ఆ మేలో మన రాష్ట్ర ప్రభుత్వం దానిని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమంది షుగరు అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారు. అది మొదలయ్యింది కూడా మామూలు సైనస్ లాగానే: ముక్కు దిబ్బడ, బుగ్గ నొప్పి. "సైనసే కదా" అని నాలుగు రోజులు ఆగినవారు కన్ను పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణమే పోగొట్టుకున్నారు. కోవిడ్ తగ్గినా ఆ బూజు జబ్బు పోలేదు. షుగరు ఉన్నవారికి నేటికీ వస్తుంది.

అందుకని ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఉప్పునీళ్ళు, స్ప్రే పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి రండి:

• కన్ను వాయడం, ఎర్రబడటం, కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం

• బుగ్గ తిమ్మిరెక్కడం, ముఖం ఒక పక్క వాయడం

• ముక్కు నుంచి నల్లని చీమిడి, అంగిట్లో నల్లని మచ్చ, ఉన్నట్టుండి పళ్ళు కదలడం

• ఎక్కువ జ్వరంతో భరించలేని తలనొప్పి, మెడ పట్టేయడం, మత్తుగా ఉండటం, మాట తడబడటం

• నుదుటి మీద మెత్తగా వాపు

మెడ పట్టేయడం, మత్తు, చూపు తగ్గడం ఉంటే బస్సు కోసం ఆగకండి, 108కి ఫోను చేయండి.

ఒకే పక్క ముక్కు నుంచి మాటిమాటికీ రక్తం రావడం, ఒకే పక్క దిబ్బడ రోజురోజుకూ పెరగడం, తలకు దెబ్బ తగిలాక వంగితే ఒక పక్క నీళ్ళలా కారడం ఉంటే ఆ వారంలోనే ముక్కు, చెవి, గొంతు డాక్టరుకు చూపించండి. విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. షుగరు ఉన్నవారు, కాన్సరు మందులు వాడేవారు, గర్భిణులు ఏ సైనస్ బాధనైనా ముందే చూపించుకోవడం మంచిది.

మూడు నెలలు శ్రద్ధగా కడిగి, స్ప్రే వాడినా తేడా లేకపోతే డాక్టరుగారు ముక్కులోకి సన్నని దుర్బిణి పెట్టి చూస్తారు, సి.టి. స్కాన్ తీయిస్తారు. కండ పెరిగినా, తూము పూర్తిగా మూసుకున్నా ఆపరేషను చెప్పవచ్చు. నేడది ముఖం మీద కోత లేకుండా ముక్కులో నుంచే చేస్తారు. అయితే ఆపరేషను తరువాత కూడా ముక్కు కడగడం మానకూడదు. తూము వెడల్పు చేసినా చేనును చూసుకోవలసింది రైతే కదా!

మొదట చెప్పిన అమ్మ సంగతి. ఆమె చుక్కల మందు మానేసిన మొదటి వారం రెండుసార్లు మా దగ్గరకు వచ్చి, "నా వల్ల కాదండీ, ఒక్క చుక్క వేసుకోనివ్వండి" అని బతిమాలింది. డాక్టరుగారు రాసిన స్ప్రే వాడుతూ, రోజూ సాయంత్రం వసారాలో బకెట్ పెట్టుకుని ముక్కు కడుక్కుంది. మూడో వారానికి చుక్కలు లేకుండా నిద్ర పట్టింది. రెండు నెలల తరువాత ఒక రోజు మా ఓపీ గుమ్మంలో నుంచే కేకేసింది. "సిస్టరమ్మా, ఇవాళ తిరగమోత మాడిందండీ... వాసన తెలిసింది!"

కూర మాడినందుకు అంత సంతోషించిన మనిషిని మేము మళ్ళీ చూడలేదు. పోయిన వాసన అందరికీ తిరిగి వస్తుందని మేము మాట ఇవ్వలేం. ఆలస్యమైన కొద్దీ రావడం కష్టం. అందుకే ఈ రాత్రే అర లీటరు నీళ్ళు మరగబెట్టి చల్లారనివ్వండి. రేపు పని నుంచి రాగానే మొదలుపెట్టండి. వాసన తెలియనివారు ఇంట్లో ఉంటే రోజూ పడుకునే ముందు గ్యాసు సిలిండరు మీట కట్టేయడం మరవకండి.

సందేహాలుంటే ఓపీలో మా సిస్టర్లను అడగండి. సిరంజితో ఎలా కడగాలో ఒకసారి చేసి చూపిస్తాం. చూసి వెళితే ఇంటి దగ్గర తేలిక.